గళ్ళు

నారాయణపేట బస్టాండు ఎదురుంగ
జిరాక్సు మిషను వేడెక్కేదాక
గళ్ళు నింపుకుంట కూసుంట.
పేజీకి ఇరవై. ఫోటో అతికిస్తె ఇంకో ఐదు.

పొద్దుగాల ఆశప్ప వచ్చిండు.
జడ్చర్ల మందుల కంపెనీల నీళ్ళ ప్లాంటు కాడ పనున్నదట.
"బయోడేటా కొట్టు బిడ్డా, జర మంచిగ కొట్టు."
ముందు పోయిన పిలగాని కాగితం తెర మీదనే ఉన్నది:
కష్టపడే తత్వం, నిజాయితీ,
నలుగురితో కలిసి పనిచేయగలను.
పేరు మార్చితె రెండు నిమిషాల పని.
ఊర్ల సగం మంది ఒకటే మనిషయ్యి
కంపెనీలకు పోతున్నరు, నా చేతుల మీంచే.

"ఇంతకు ముందు ఏం చేసినవ్ కాకా?"
"ఏం చెయ్యలే. బోరుబండి మీదుంటి, పదకొండేండ్లు."

ఏం చెయ్యలే!
కీబోర్డు మీంచి చెయ్యి తీసిన.

బండి మీద ఏం పని?
రాడ్లు ఎక్కిచ్చుడు, దించుడు.
ఇంకా?
దుమ్ము చూసుడు.
దుమ్ముల ఏముంటది కాకా?
అప్పుడు స్టూలు మీద నిటారుగ అయ్యిండు.
తెల్లగ లేస్తున్నంతసేపు రాయే, కొట్టుకుంట పోవాలె.
తడిసి ముద్దకట్టిందంటె పొర చేరువైనట్టు.
రాడు చప్పుడు బోలుగ మోగితె చెయ్యెత్తి ఆపాలె,
మాట ఇనపడదు, చెయ్యే మాట.
మక్తల్ దిక్కు ఒక చేన్ల
మూడునూర్ల అరవై అడుగులకు ఓనరు బండి తియ్యమన్నడు,
నేను ఇంకో రెండు రాడ్లన్న.
"పడ్డయా నీళ్ళు?"
"ఎక్కడియి.
ఆ రైతు నన్నొక్క మాట అనలే. అదే యాదికున్నది."

నైపుణ్యాల గడిల రాసిన:
చప్పుడు విని మిషను లోపం పసిగడతడు.
నీళ్ళ రంగు, జిగట, వాసన చూసి చెప్తడు.
పదకొండేండ్లల ఒక్క వేలు నలగనియ్యలే,
తనదైనా, తోటోనిదైనా.
ఎండిన బోరు రాయలే.
అద్దం తుడిచిన, అంతే. మొఖం మార్చలే,
అని నాకు నేనే చెప్పుకున్న.

పగటీలి నీలాబాయి చీర సంచితోటి.
ఆన్‌లైన్ల పెట్టి పదిహేడు దినాలయింది,
అడిగినోళ్ళు లేరు.
మనుమడు రాసిండట:
అద్భుతమైన, అత్యంత నాణ్యమైన, రాజసం ఉట్టిపడే.
"అద్భుతం అంటె ఎన్ని గజాలు పిల్లా?" అన్నది.

మనుమని రాతంత తుడిపిచ్చి, తనే చెప్పింది:
ఆవపువ్వు పసుపు మీద గళ్ళు, ఎర్రంచు.
మొదటి ఉతుకుల రంగు దిగుతది,
ఉప్పునీళ్ళల నానబెట్టుమను.
కొంగు కాడ ఒక గడి రవ్వంత వెడల్పుంటది,
ఆ రాత్రి కరెంటు పోయింది, సెల్లు లైటుకు నేసినం.
"అది వద్దవ్వా, ఎవ్వరు కొనరు."
"విప్పి చూసినంక తిట్టుకుంటది.
మొదలే చెప్తె నన్ను యాది చేసుకుంటది. కొట్టు."
కొట్టిన.
మూడునూర్ల అక్షరాలల ఇంకా నలభై మిగిలినయి.
"ఏం రాద్దామవ్వా?"
"ఉండనీ. చీరల కూడ అంత ఖాళీ ఉంటది."

ఆ వారం రెండు చీరలు పోయినయి.
ఒకటి వాపసొచ్చింది.
చిట్టీల రాసున్నది: రంగు దిగింది, చెప్పినట్టే.
నీలాబాయి చదివిపిచ్చుకొని నవ్వింది,
కండ్లల్ల నీళ్ళొచ్చేదాక.

ఆశప్ప ఫోను ఇంకా రాలే.

చీకటి పడంగ ఒక పిలగాడు ఉరికొచ్చిండు,
"అక్కా, అందరికి కొట్టేది ఉంటది గద, అదే కొట్టు.
బస్సు పోతది."
చూసిన. డ్రైవరు ఇంకా చాయ తాగుతుండు.
స్టూలు ఇటు జరిపిన.