సీసం బిళ్ళ

మాధవమాల కొయ్యపనోళ్ళు పారేసిన ముక్కల్లో
ఢిల్లీబాబు చెక్కినాడు రెండు చేపలు.
నడుముకాడ కీలు, కండ్లకు పూసలు.
ఒకటి తేలతాది.
ఇంకోదాని కడుపులో
పంక్చర్ షాపు సీసం బిళ్ళ, అర గోరంత.
బకెట్లో వదిల్తే
నిద్రపట్టేవాడి రెప్ప మాదిరి దిగతాది.

పిచ్చాటూరు, ఆరణియార్ కట్ట మింద
ఇంకా తెల్లారలా.
"తేలేదే కట్టు" అన్నాడు,
"నాచు మిందే పోతాది, చిక్కదు."
ఎండెక్కితే కొరమీను లోతుకు పోతాదని
అదీ వాడే చెప్పినాడు.

రీలు తిప్పితే ఎడమకి, ఆపితే కుడికి,
తాగినోడు ఇల్లు ఎతుక్కున్నట్టు
తేలేది తిరిగొచ్చింది, ఒట్టి నోటితో.
పదకొండు సార్లు.

నాగలాపురం కొండ మింద ఎండ పడినాక
బరువుదాన్ని కట్టినా.
విసిరి, ఊరికే ఉన్నా.
ఒకటి, రెండు, మూడు.
ఎంతవరకు లెక్కపెట్టాలో ఎవరూ చెప్పరు.
తొందరపడితే పైపైనే వచ్చేస్తాది,
మరిస్తే నాచు పట్టుకుంటాది.

ఏడు కాడ తంగూసు బిగుసుకునింది.
నాచో, నోరో
తెలిసేలోపల
చెయ్యి ముందే లాగేసింది.

కట్ట కింద ఢిల్లీబాబు
పొద్దున్నుంచి మొదటిసారి
బీడీ ఆర్పినాడు.