చూస్తే లేవదు

సోమవారం పదకొండింటికి
యాదమరి బస్సు దిగి
చిత్తూరు తాలూకాఫీసుకి చెంగల్రాయుడు వస్తాడు.
కిటికీ కడ్డీల్లోంచి చెయ్యి దూర్చి
మడతలు చిరిగిన పాసుపుస్తకం నా కీబోర్డు మీద పెడతాడు.
"పేరుండాదా పాపా?"

సర్వే నంబరు కొడతాను.
ఎకరా నలభై రెండు సెంట్లు. మెట్ట.
తోతాపురి చెట్లు పందొమ్మిది.
చెట్ల లెక్క రికార్డులో లేదు, అది ఆయన కలుపుతాడు.
"ఉంది తాతా."
"గెట్టిగా సదువు."
చదువుతాను. వెనక క్యూలో ఎవరో దగ్గుతారు.
చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటాడు,
పరాయి ఊళ్ళో తన పేరు
వేళకి తింటోందని కబురొచ్చినట్టు.

ఒకసారి అడిగాడు,
"నేనొచ్చి చూసిపోయినట్టు
అది యాడన్నా రాసుకుంటాదా?"

లేదు తాతా.
కొత్త వరస చేరిస్తే ట్రిగ్గర్ లేస్తుంది.
ఉన్నది మారిస్తే లేస్తుంది,
పాత మాటా కొత్త మాటా పక్కపక్కన రాసి
ఎవరు మార్చారో, ఎన్నింటికో, అన్నీ పెడుతుంది.
తుడిచేసినా లేస్తుంది.
చూస్తే మాత్రం లేవదు.
వెయ్యి మంది చూడనీ, కన్ను తెరవదు.

కాసేపు నిలబడి
"మా కుక్క నయం" అన్నాడు.
"గట్టు మీంచి తోటలోకి చూసినా మొరుగుతాది."

ఆ మధ్యాహ్నం పెరుగన్నం గొంతు దిగలేదు.
రెండేళ్ల సోమవారాలు. రానూపోనూ చార్జీలు.
లాగ్ పట్టికలో ఆయన నంబరు వెతికితే
సున్నా వరసలు.

మరుసటి వారం ఆయన వెళ్ళాక
ఊరి పేరు చివర ఒక చుక్క పెట్టాను.
లేచింది.
పాతది, చుక్క లేదు. కొత్తది, చుక్క ఉంది.
పదకొండూ పన్నెండు. నా లాగిన్.
పై సోమవారం తీసేశాను.
ఆ పైవారం మళ్ళీ పెట్టాను.

మార్చిలో తనిఖీకి వచ్చిన జ్ఞానప్రకాశం సారు
కళ్ళజోడు నుదుటికి తోసి
"ఏమ్మా కోమలా, ఈ చుక్కేంది? పెడతావు, తీస్తావు?"
చెయ్యి తగిలింది సార్.
"ప్రతి సోమవారమూనా?"
పైన ఫ్యాను కిర్రుమంటోంది.
ఏదో రాసుకున్నారు, కొట్టేశారు,
టీ తెప్పించమన్నారు.

కాయ దిగింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు
ట్రాక్టర్లు రాత్రంతా బారులు.
చెంగల్రాయుడు రావడం లేదు.
ఆఖరిసారి వచ్చింది చుక్క పెట్టిన వారం.
తీయాల్సిన వారం ఇంకా రాలేదు.

సోమవారం పదకొండింటికి
ఆ నంబరు కొడతాను.
పేరుంది.
గట్టిగా చదువుతాను.
క్యూలో ముందున్నామె
"అది నాది కాదు మేడం" అంటుంది.