పదకొండో గడి

ఫారంలో పదకొండో గడి: ఆనవాళ్ళు.
కాగితం ఢిల్లీ నుంచి వచ్చింది,
రాజోలు స్టేషన్ రైటర్ని, నింపడం నా వంతు.
పేరు తాతబ్బాయి. ఇంకోటుంది రేషన్ కార్డులో,
దాంతో పిలిస్తే వాళ్ళావిడే తల తిప్పదు.
ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ, సెలూన్ గంగరాజు చెప్పాడు.
కుడి మోకాలి కింద పీత కొరికిన గాటు.
ఎత్తు, పంటు కమ్మీ మీద గడ్డం ఆనించేంత.
అది చెరిపి, అయిదడుగుల ఆరంగుళాలని రాశాను.
భాషలు: తెలుగు, కొద్దిగా హిందీ,
ఎవరు పిలిచినా ముందు 'ఆయ్' అంటాడు.

ఆ చివరి ముక్క సర్కిల్ గారు ఎర్రసిరాతో కొట్టేశారు.
"ఇంటర్‌పోల్‌కి వెళ్ళే కాగితమయ్యా, శుభలేఖ కాదు."
ఆయ్ అన్నాను.

చిట్టీల సొమ్ము నాలుగు కోట్లు, పైన చిలుకు.
ఆ చిలుకులో పెమ్మాడి వరహాలమ్మవి లక్షా పదివేలు,
అంతర్వేదికర్రలో ఎండు సావళ్ళూ రొయ్యపొట్టూ అమ్మినవి.
వాంగ్మూలం కింద ఆవిడ వేలిముద్ర పడలేదు.
ఉప్పూ పొలుసూ కలిసి గీతలు తినేశాయి.
మూడుసార్లు అద్దాను, సిరా మచ్చ తప్ప ఏమీ లేదు.
తాతబ్బాయివి మాత్రం పదికి పది,
పాత పేకాట కేసులో ముగ్గులా పడ్డాయి.
ఇప్పుడవి నూట తొంభై చిల్లర దేశాలు తిరుగుతున్నాయి.
ఆవిడ బొటనవేలు సఖినేటిపల్లి రేవు దాటలేదు.

నోటీసులిచ్చే ఆఫీసు ఫ్రాన్సులో లియోన్ అనే ఊళ్ళో ఉందట.
మ్యాపులో చూశాను, రెండు నదులు కలిసే చోటు.
అక్కడా లంకలు మునుగుతాయా,
ఫైళ్ళు అటకెక్కిస్తారా అని ఆలోచిస్తూ
మా ఫైలు అటకెక్కించాను. గౌతమీ వశిష్ఠా ఒకే రోజు పొంగాయి.

మస్కట్లో ఉన్నాడన్నారు. వాళ్ళు తలుపు తట్టేసరికి
కౌలాలంపూర్. అక్కణ్ణుంచి జవాబుకి
రెండు వరదలు పట్టాయి: ఇక్కడ లేడు.
వరహాలమ్మ ప్రతి మంగళవారం వచ్చి
మెట్టు మీద గంప దింపి,
"ఎంతవరకొచ్చేడు బాబూ?" అనేది,
అతనే నడుచుకుంటూ వస్తున్నట్టు.

మొన్న కార్తీకంలో జార్జియా నుంచి మెయిలు.
బతూమి అట, సముద్రం ఒడ్డు.
అక్షరాలన్నీ గుండ్రంగా, మన అక్షరాల మేనత్త కూతుళ్ళలా,
చదవబోయి నాలిక కరుచుకున్నాను.
ఒకణ్ణి ఆపారు. పాస్‌పోర్టులో పేరు వేరు,
పుట్టింది ఫిజీ, తెలుగు అసలు రాదంటున్నాడు.
చెవి వెనక మచ్చ కాల్చేసుకున్నాడు. వేళ్ళకి కట్లు.

మనకి రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ళకి ఎనిమిది.
వీడియోలో గొంతు పోల్చమన్నారు.
తెర మీద బక్కచిక్కిన మనిషి, ఉన్ని టోపీ,
అడిగినదానికల్లా హిందీలో, నేను కాను.
సర్కిల్ గారు విసిగి టీకి లేచారు.
నాకేం తోచిందో,
"తాతబ్బాయిగారో! పంటు ఎల్లిపోతందండీ!"

"ఆయ్, వస్తన్నా..."

నోరు సగంలో ఆగింది. టోపీ తీసి
ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడి ఆఫీసరు పక్కవాణ్ణి
ఏదో అడిగింది. ఎవరూ నవ్వలేదు.

గొంతు చాలదు, కట్లు విప్పాక వేళ్ళు చూస్తామన్నారు.
అక్కడి జడ్జీకి మాత్రం రికార్డింగు పంపాలి, అనువాదంతో.
నిన్న అనువాదకురాలి నుంచి ప్రశ్న వచ్చింది:
మొదటి మాటకి అర్థం ఏమిటి? అవునా? అయ్యానా?
ఇక్కడున్నానా? మూడూ కాదని రాసి,
మూడూ అని రాసి, రెండూ కొట్టేశాను.
సర్కిల్ గారి ఎర్రపెన్ను నా బల్ల మీదే ఉంది.

ఇవాళ మంగళవారం.
మెట్టు మీద గంప చప్పుడు.
"దొరికేడా బాబూ?"
"ఆయ్."
"మరి డబ్బులో?"

గడియలన్నీ మళ్ళీ మొదట్నుంచీ వెతికాను,
ఆ మాటకి ఫారంలో గడి లేదు.