కాలి రింగుల లెక్క

ఎర్ర రింగు తండ్రి.
పచ్చ రింగు ఆ తండ్రి కూతురు.
రెండూ ఒకే దూలం మీద ఒదిగి నిద్రపోతే
తెల్లారేసరికి విడదీసి
చెరో జాలీలోకి తోలేది నా పని.

మా తిరపతి జూ పెద్దదే.
నెమళ్ల జాలీ మాత్రం చిన్నది. పదకొండు పక్షులు.
పదేళ్ల నాడు ఒకే పెట్టెలోంచి దిగిన
జంట పిట్టల సంతానమే అన్నీ.

నిరుడు డాక్టర్ నస్రీన్ గారు
నా చేతికి గళ్ల పుస్తకం ఇచ్చి చెప్పినారు:
"చెంగమ్మా, గుడ్లు లెక్కపెట్టేది తర్వాత.
ముందు ఎవరికి ఎవరు ఏమవుతారో రాయి."
ఐదో తరగతి దాకా చదివినాను.
ఏమవుతారో రాసేదానికి అది చాలు.

నీలం రింగు దగ్గర చెయ్యి ఆగింది.
దానికి ఎర్ర రింగు నాయనా అవుతాడు, తాతా అవుతాడు.
గడి ఒకటే.
ఇరికించి రెండూ రాసినాను.

పన్నెండు గుడ్లు పొదిగిస్తే నాలుగు పగిలినాయి.
ఒక పిల్లకు కాలివేళ్లు లోపలికి ముడుచుకున్నాయి,
ఐసు పుల్ల చీల్చి, ప్లాస్టరేసి కట్టినాను.
ఇంకోదానికి రెక్క మీద తెల్ల మచ్చ.
గుండు మీద చందనం ఆరని జనం
ఆ తెలుపు ముందరే ఫోన్లెత్తి నిలబడతారు.
"ఎంత బాగుందో" అంటారు.
బాగుంది, కాదనను.
పుస్తకంలో దాని పేరు చుట్టూ సున్నా చుట్టినాను,
జత కట్టకూడదని.

కొత్త మగదాన్ని ఇమ్మని విశాఖకు ఉత్తరం పోయింది.
ఏ బల్ల మీద ఎవరు పొదుగుతా ఉండారో
ఇంకా పిల్ల కాలేదు.

మా ఇంట్లో ఇట్లాంటి పుస్తకం ఎవరూ రాయలేదు.
రాసుంటే మా ఆయన గడిలోనూ రెండు మాటలు పట్టాల:
మేనమామ, మొగుడు.
గంగజాతరలో నన్ను భుజానెక్కించుకుని
వేషాలు చూపించినోడే తాళి కట్టినాడు.
మా అమ్మకూ వాళ్ల మామే.
"నెత్తురు గడప దాటకూడదు" అనేది అవ్వ.
నెత్తురంటే అరెకరా మామిడితోట అని
నాకు శానా రోజులకు తెలిసింది.
మంచోడు.
నేను కంచం ముందర కూర్చుంటే గానీ ముద్ద ఎత్తడు.
దీనికి మాత్రం ఏ పుస్తకంలోనూ గడి లేదు.

మా కోమలకు పుట్టినప్పటి నుంచీ వినపడదు.
"ఇదీ కారణమా?" అని నేను అడగలేదు.
రంగుల చార్టు వివరిస్తా వివరిస్తా
డాక్టర్ గారు ఒక్కచోట ఆగి
నీళ్లు తాగినారు.

ఆడికృత్తిక ముందురోజు గాలివానకు
కొండవైపు జాలీ మూర పొడుగున చిరిగింది.
ఆదివారం, బడి లేదు, కోమల నాతోనే ఉంది.
అరచెయ్యి తీగకు ఆనించి నిలబడి
ఉన్నట్టుండి నా కొంగు లాగింది.

బయట బండ మీద ఒకటి.
కాలికి రింగు లేదు, ఈకలకు దుమ్ము.
శేషాచలం నుంచి ఎప్పుడు దిగిందో ఏమో
పురి విప్పి దడదడలాడిస్తా ఉంది.
ఆ దడ తీగలోకి, తీగలోంచి అరచేతిలోకి వస్తుందని
పాప నా చెయ్యి కూడా తీసి ఆనించింది.
పద్నాలుగేళ్లుగా ఆ తీగ పట్టుకుని తిరుగుతా ఉండాను.
నాకు తెలియనే తెలియదు.

చిరుగు కనపడితే అదేరోజు కుట్టాలని రూలు.
పట్టకారు, తీగచుట్ట సంచిలోనే ఉన్నాయి.
ఎర్ర రింగును పక్క జాలీలోకి తోలి
గడియ పెట్టినాను.
నీళ్ల తొట్లు కడిగినాను, కడిగినవే మళ్లీ కడిగినాను.
కుట్టింది మూడోరోజు.
డాక్టర్ గారికి చెప్పినాను.
తిడతారనుకున్నాను. తిట్టినారు కూడా,
తిట్టి, "ఏ పెట్టతో?" అని అడిగినారు.

పచ్చ రింగు ఐదు గుడ్లు పెట్టింది.
ఐదూ పగిలినాయి.
తండ్రి అన్న గడిలో
"తెలియదు" అని రాసినాను.
తెలియదని రాస్తా నవ్వింది
నా బతుకులో అదే మొదలు.

ఆ గడికి ఏ రంగు వెయ్యాలని
కోమల సైగ చేసింది.
పెన్సిళ్ల డబ్బా మొత్తం
దాని ముందర బోర్లించినాను.