కొట్టడానికి మీట లేనిది

స్మరాండా ఉద్యోగం వినడం.
విన్నది విన్నట్టు టైపు కొట్టడం.
బ్రషోవ్‌లో, కిటికీ లేని మూడో అంతస్తు గదిలో
చెవులకు నల్లటి డిప్పలు తగిలించుకుని
రోజుకి ఎనిమిది గంటలు
ఊళ్లోవాళ్ల ఫోన్ల లోపల కూచుంటుంది.

"ఇల్లు మహా వెచ్చగా ఉందే అగ్లాయా,
నిన్న ఒక చేతి తొడుగు తీసేసి మరీ సూపు తాగాను"
అన్నాడు పోంపిలియు మాస్టారు, చెల్లెలితో.
ఆమె కొట్టింది: ఇల్లు మహా వెచ్చగా ఉంది.

"మహా"లో ఆ "హా" ఎంత దూరం సాగిందో
దానికి మీట లేదు.
అవతల చెల్లెలు బిగబట్టిన ఊపిరికీ లేదు.
కామాకుంది. ప్రశ్నకుంది.
ఎప్పుడూ వాడని డిగ్రీ గుర్తుకి కూడా ఉంది.

మా పాత అలంకారికులు దీన్ని కాకువన్నారు,
గొంతు ఒక్క పిసరు ఒరిగితే
మాట బోర్లాపడడం.
ఆమె భాషలో ఏమంటారో నాకు తెలీదు.
ఆమెకి తెలుసు. కానీ అది కొట్టాల్సిన మాట కాదు.

"మన వీధి మాంసం కొట్టు ఎంత శుభ్రమనుకున్నావ్!
కొక్కేలు అద్దాల్లా మెరుస్తున్నాయి.
వాటికేదీ తగలనివ్వడు, పుణ్యాత్ముడు."

కెప్టెన్ ద్రగులిన్ ఎర్ర పెన్సిల్ పట్టుకుని
ఆ పేజీ మీదే చాలాసేపు ఉండిపోయాడు.
"పొగుడుతున్నాడా?"
"పొగుడుతున్నట్టే రాసుంది, కామ్రేడ్ కెప్టెన్."
"నవ్వాడా?"
"నవ్వు వినపడలేదు."
నిజమే. ఆ ముసలాయన ఒక్కసారీ నవ్వడు.

పెన్సిల్ కాగితం దాకా వచ్చి ఆగింది.
గీత గియ్యాలంటే
కొక్కేలు ఖాళీ అని ముందు తను ఒప్పుకోవాలి.
పేజీ తిప్పేశాడు.

ఆ రాత్రి ఆమె తన వంటింట్లో,
పిల్లి మీసమంత గ్యాసు మంట ముందు,
ఎవరూ లేకుండా, ఆ మాటని అని చూసింది.
"మహా వెచ్చగా."
మళ్లీ అంది. ఇంకొంచెం సాగదీసి.
చాలా ఏళ్ల తర్వాత చేసుకున్న పిండివంటలా
నోట్లో కాసేపు ఉంచుకుంది.

మర్నాడు మంచులో, ట్రాలీబస్సు కోసం
గంటంబావు నిలబడ్డాక
అది మూలుగుతూ మలుపు తిరుగుతుంటే
పక్కనున్న టోపీ ఆయనతో అంది:
"ఇవాళ తొందరపడినట్టుందే!"

ఆయన ఆమె బూట్లు చూశాడు.
కొత్తవి. తోలువి. ఊళ్లో దొరకనివి.

"అవునండీ," అన్నాడు,
చదునుగా, ఏ అక్షరమూ ఎక్కడా సాగకుండా,
నేరుగా కాగితం మీదకెక్కించగలిగేలా.
"మన బస్సులెప్పుడూ వేళకే వస్తాయి."

లోపల సీటు ఖాళీగానే ఉంది.
ఆమె నిలబడే వెళ్లింది,
ఆ ఒక్క వాక్యాన్నీ
స్టేజీ తర్వాత స్టేజీ
వెనక్కి తిప్పి, మళ్లీ వింటూ.