ముందు కూర్చో

చెప్పులు గట్టుమీద వదిలెయ్, ఏసుబాబూ.
ఈ తొడుగు ఎడంచేతికి వేసుకో.
పాత బుల్లెట్టు బండి సీటు తోలు,
ముక్తేశ్వరం రేవు దగ్గర గంటయ్య కుట్టాడు.
బొటనవేలి దగ్గర కాస్త బిగుతు.
నీకంటే ముందు వేసుకున్నామె చెయ్యి చిన్నది.

ఇప్పుడు కూర్చో.
ఇవాళ్టికి పాఠం ఇంతే.

దాని కళ్లలోకి చూడకు.
కొబ్బరాకుల సందులోంచి కాలవని చూసినట్టు
పక్కకి చూడు.
నేనేదన్నా చెబితే "ఆయ్" అనకు,
మనకది మర్యాదే గానీ
బైరి చెవికి రాయి పడ్డ చప్పుడు.
తలాడించు, చాలు.

మొన్న డేగ అనగానే అడిగావు చూడూ,
"ఏ బరిలో దింపుతారండీ?" అని,
నేను నవ్వలేదు.
ఈ లంకల్లో డేగంటే ముందు కోడిరంగే గుర్తొస్తుంది.
నాకూ అంతే.
పశువులాసుపత్రిలో కాంపౌండర్ని,
ముప్పయ్యేళ్లు గేదెల నోళ్లు తెరిచి మందులు పోసినవాణ్ణి.
ఎవరో ఎరువుల సంచిలో జాలెడేగని తెచ్చి
బల్లమీద పెట్టి మాట్లాడకుండా పోయారు.
రిజిస్టర్లో దానికి గడి లేదు.
కోడి గడిలో రాశాను.

యానాంలో గడియారాలు బాగుచేసే ఖాదర్ మియ్యా
ఆ సంగతి విని పడవెక్కి వచ్చాడు.
వాళ్ల తాత ఏదో సంస్థానంలో డేగల్ని చూసుకునేవాడట.
నన్ను చీకటి గదిలో కూర్చోబెట్టి
పిట్టని చేతిమీద పెట్టి
తలుపు దగ్గరగా వేసి టీ తాగడానికి పోయాడు.
రెండు గంటలు.
చెయ్యి నాది కాకుండా పోయింది.
తిరిగొచ్చి "పడిపోలేదుగా?" అన్నాడు.
ఎవరు పడిపోవడం గురించి అడిగాడో ఇప్పటికీ తెలీదు.

నీ తర్వాత కూడా ఎవరో వస్తారు, వాళ్లకి ఇదే చెప్పు.
పోయినేడు ముగ్గురొచ్చారు.
ఒకతను ఫొటో దిగి పోయాడు.
ఒకతనికి ఎలుకని కొయ్యడం పడలేదు, తప్పు లేదు.
మూడో ఆమె, అమలాపురం బ్యాంకులో క్యాషియరు సఫియా,
ప్రతి ఆదివారం వచ్చి తూకం చీటీ రాసిపెట్టేది.
ఆమె అక్షరాలే అవి, గోడమీద.

తూకానికి మీ చెరువు కాటాయే,
రొయ్యల కౌంటు చూసేది.
ఆరువందల నలభై దగ్గర దీనికి మన మాట వినపడుతుంది.
ఏడువందలయితే మనమెవరమో మర్చిపోతుంది.
చిక్కితే మాత్రం పాపం మనది.
ఎలుకల బుట్టల పోలయ్య పొద్దున్నే
గట్లమీద పట్టినవాటిలో రెండు మనకి తీసి పెడతాడు,
తోకలు మాత్రం రైతుకి లెక్క చెప్పాలి.

నువ్వు చెరువు కాపలావాడివి.
తెల్లారకుండానే టపాకాయలు కాల్చి
కొంగల్ని, నీటికాకుల్ని తోలేవాడివి.
ఆ తీగ ఎవరు కట్టారని నేనడగలేదు.
నువ్వే చెప్పావు, తువ్వాలు విప్పకుండానే.
అప్పుడే నీకీ తొడుగు తీసి పక్కన పెట్టాను.

రెక్కలో రెండీకలు విరిగాయి.
కొత్తవి మొలిచేదాకా ఆగితే ఏడాది.
అందుకే పాత లెక్కల పుస్తకంలో దాచిన ఈకలు తీశాను,
అంతకుముందు ఎగిరిపోయిన బైరివి.
వెదురుపుల్ల సన్నగా చెక్కి
ఆ బోలులోంచి ఈ బోలులోకి దూర్చి
బంక పెట్టి ఊపిరి బిగబట్టాను.
అతుకెక్కడో చూపించు చూద్దాం.
వద్దు, చూడొద్దన్నాను కదా.

ఇంకో మాట, ముందే చెప్పాలి.
ఇది మనది కాదు.
అటవీశాఖ కాగితంలో మాఘం చివరిదాకానే గడువు.
ఆ రోజు కోరంగి మడల అంచున
కాలిగంట విప్పి, కుళ్లాయి తీసి
చెయ్యి పైకెత్తాలి, అంతే.
వెనక్కి వస్తుందేమోనని సాయంత్రందాకా నిలబడతావు.
నిలబడు. నేనూ నిలబడ్డాను.
సఫియా అయితే చీకటి పడ్డాక కూడా కదల్లేదు.

చెయ్యి లాగుతోందా?
మోచెయ్యి నడుముకి ఆనించు.
ఊపిరి దానికంటే నెమ్మదిగా తీసుకో.

ఈకలన్నీ ఒక్కసారి విదిల్చింది, విన్నావా?
ఇప్పుడు ఒక కాలు
పొట్టకింద మడుచుకుంటోంది.

చూడకు.