చూపు పడే చోటు

అక్టోబరు ఆఖరి వారంలో
మోకాళ్ల మీద కూర్చుంటాను.
భక్తితో కాదు,
కింది పేర్లు అంత ఎత్తులోనే ఉంటాయి.

రెండో నంబరు కుంచె, నల్లరంగు డబ్బా,
మోకాళ్ల కింద పాత గోనెపట్టా.
ఇన్వర్‌కార్న్ రేవులో ఉప్పుగాలి
ఏడాది పొడుగునా అక్షరాలు కొరుకుతుంది.
కొరికినంత మేరా నేను పూడుస్తాను.

పైన కంచు మనిషి.
తుపాకీ తలకిందులుగా నిలిపి
దాని మడమ మీద రెండు చేతులూ ఆన్చి
తల వంచుకుని.
ఎంత దుఃఖమో, అంటారు బస్సు దిగినవాళ్లు.

దుఃఖం కాదండీ,
పిల్లి.

మా మామగారు చెప్పారు,
ఆయనతో గిల్బర్ట్ ఇమ్రీయే చెప్పుకున్నాడు:
యుద్ధం నుంచి తిరిగొచ్చాక పనిలేదు.
హెర్రింగ్ చేపలకు ఉప్పు పట్టించే పాత కొట్టంలో
మిస్ ట్రెయిల్ మట్టి పిసుకుతోంది.
కదలకుండా నిలబడితే రోజుకి మూడు షిల్లింగులు.
పదకొండు మధ్యాహ్నాలు నిలబడ్డాడు.
ఆవిడకో మూడుకాళ్ల పిల్లి,
అతని బూట్లకు రెండడుగుల ముందు
ఎండపొడ పడ్డచోట పడుకునేది.
"తల అలాగే ఉంచు," అందట.
ఉంచాడు.

ముప్పైరెండు పేర్ల మీద నిలబడ్డాడు,
ఆ పేర్లలో లేనివాడు.

తరవాత రొట్టెల బండి తోలాడు.
రోజూ తెల్లారుజామున
తన కింద నుంచి తానే వెళ్లేవాడు.
పిల్లలు "కంచూ!" అని పిలిస్తే
పలికేవాడు.

మిసెస్ కౌవీ మాత్రం
(ఇద్దరు కొడుకులు, నాలుగో వరస, ఐదో వరస)
అతని ముఖం చూసేది కాదు.
చిల్లర గడప మీద పెట్టి లోపలికి పోయేది.
ఒక్కసారే అడిగింది:
"నిలబడ్డప్పుడు మావాళ్లని తలుచుకున్నావా?"
పిల్లి సంగతి నోట రాలేదు.
"ఆఁ," అన్నాడు.

ఆ చలికాలం నుంచీ ఏటా
అతనికో జత ఊలు మేజోళ్లు అల్లి పంపేది.
తొడుక్కునేవాడు కాదు,
పారేసేవాడూ కాదు.

రెండో యుద్ధం వచ్చింది, పోయింది.
పైన చోటు మిగల్లేదు.
ఖాళీగా నున్నగా ఉన్న వాలు మెట్టు మీద
చిన్న అక్షరాల్లో పద్నాలుగు పేర్లు చెక్కారు.
వరసలో ఏడోది
రోరీ ఇమ్రీ, ఓడలో వంటకుర్రాడు, పందొమ్మిదేళ్లు.

చెక్కినవాడు వరస చూసుకున్నాడు గాని
పైకి చూడలేదు.
ఎవరూ కొలవలేదు.
ఒక అక్టోబరున నిచ్చెన వేసి
ఆ కంచు కళ్ల నుంచి దారం లాగాను.
తల వంపు వెంటే వచ్చి
దారం ఎక్కడ ఆగిందో
నేను చెప్పక్కర్లేదు.

గిల్బర్ట్‌కి దారం అక్కర్లేకపోయింది.
ఆ వారమే బండి దారి మార్చాడు.
రేవు చుట్టూ తిప్పితే అరమైలు ఎక్కువ,
రొట్టెలు చల్లారి వచ్చేవి.
ఊళ్లో ఒక్కరూ ఏమీ అనలేదు.

డెబ్బైరెండో ఏట పోయాడు, మంచం మీదే.
కాళ్లకు మేజోళ్లున్నాయట.

ఏడో పేరు దగ్గర నా కుంచె నెమ్మదిస్తుంది.
మెడ వెనక బరువుగా ఉంటుంది.
మధ్యలో అడ్డొస్తున్నానని
పక్కకి జరిగి, చెయ్యి బారచాపి రంగు వేస్తాను.
అందుకే ఆ పేరు ఏటా కాస్త వంకర.

కౌన్సిల్ వాళ్లు రెండుసార్లు అడిగారు.
చేతి వణుకు, అన్నాను.